ఒక్క ఊపిరిలో ఎన్ని కుచ్చులు

మా దుకాణంలో జంపఖానాలకు కుచ్చులు ముడేసిన అవ్వ చనిపోయిందని ఆమె కొడుకు వచ్చి చెప్పినప్పుడు, నేను అడిగిన మొదటి మాట అడగకూడని మాట. తల్లిని పోగొట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడితే ఎవరైనా అయ్యో అంటారు, ఎప్పుడు అని అడుగుతారు, కనీసం కూర్చోమంటారు. నేను అవేవీ చెయ్యలేదు. చేతిలో టేపు అలాగే పట్టుకుని, "దమ్ముతోనా?" అన్నాను.

దమ్మంటే మా వైపు ఉబ్బసం. అవ్వకు అది వయసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. మా అమ్మాయికి ఏడో ఏట బయటపడింది. ఆ జబ్బున్న మనిషి ఆఖరికి ఎలా పోతుందోనన్న భయం పన్నెండేళ్లుగా నా లోపల నలుగుతూ ఉంది. ఎవరితోనూ అనలేదు, డాక్టరును కూడా అడగలేదు. ఆ రోజు ఆపుకోలేక నోరు జారింది. ఆమె కొడుకు నెమ్మదస్తుడు. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి జవాబు చెప్పాడు. అది విన్నాక నాకు ఎంత తేలికైందంటే, చావు కబురుకు తేలికపడ్డానే అని సిగ్గేసి, అతన్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ఆ జవాబేమిటో చివర్లో చెబుతాను. ముందు అవ్వను చూడాలి.

అవ్వ చోటు దుకాణం మెట్టు. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. జంపఖానా మగ్గం దిగినప్పుడు రెండు కొసలా దారాలు వదులుగా వేలాడుతుంటాయి. వాటిని కొన్ని కొన్ని పోగులుగా పట్టుకుని ముడేస్తే కుచ్చు అవుతుంది. కాళ్లు బారజాపుకుని, కొసను ఒళ్లో వేసుకుని, దారం వైపు చూడకుండా బజారు వైపు చూస్తూ ముడేసేది. ముడి పడ్డాక బొటనవేలితో ఒక నొక్కు నొక్కేది. జంపఖానా చిరిగింది కానీ కుచ్చు ఊడలేదని కొన్నవాళ్లు వచ్చి చెప్పేవాళ్లు. ఆ మాట ఆమెకు చేరవేస్తే, "గా ముచ్చట నేసినోనికి చెప్పు" అనేది. మెచ్చుకోలు ఆమెకు ఇష్టమే, అందులో ఇంకొకరికి చురక కలిస్తే మరీ ఇష్టం.

ఇల్లు ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపల. అక్కడి నుంచి నడిచి వచ్చేది. ఆటో ఎక్కమని మేము అంటే కోప్పడేది. ఆ నడక ఆమెకు కొలత. దారిలో ఒక్కచోట కూర్చుని లేస్తే ఆ రోజు బాగున్నట్టు. అండర్‌బ్రిడ్జి దగ్గర రెండోసారి కూర్చోవాల్సి వస్తే, దుకాణానికి రాకుండా అటు నుంచి అటే దవాఖానకు పోయేది. మర్నాడు వచ్చి, "నిన్న రెండుకాడ్ల కూసున్న సేటూ" అనేది. నిన్న ఎందుకు రాలేదన్న ప్రశ్నకు అదే పూర్తి జవాబు.

నడుముకు వక్కాకు సంచి వేలాడేది. ఆకు, వక్క, సున్నం డబ్బీ, వాటి మధ్యే నీలం రంగు పంపు. ఇన్హేలర్‌ను పంపు అనేది. ఇంకో పంపు ఉండేది, రోజూ వాడేది. అది గుంజాక మెట్టు పక్కన మా నల్లా దగ్గర నోరు పుక్కిలించేది. ఆ చప్పుడుకు పక్క దుకాణాల వాళ్లు టైం చూసుకునేవాళ్లు. కొనడానికి వచ్చినవాళ్లు ఎవరైనా వింతగా చూసి, "ఏందవ్వా గది?" అంటే, ఆమె తడుముకునేది కాదు.

"నా ఊపిరి. నీది నీకు ఉత్తగనే అత్తాంది, నాది దవాఖానల ఇత్తాండ్రు."

ఆ రోజుల్లో నాకు ఆమె ధైర్యం చూస్తే నవ్వొచ్చేది. ఆ జబ్బు మా ఇంటి మీదికి వచ్చాక నవ్వు రాలేదు.

మా అమ్మాయి ఏడేళ్లప్పుడు చలికాలంలో దగ్గు పట్టుకుంది. తెల్లవారుజామున లేచి కూర్చుని దగ్గేది, పరుగెత్తితే దగ్గేది, నవ్వితే కూడా దగ్గేది. సర్ది అన్నాం. అరటిపండు బంద్, పెరుగు బంద్, చల్లనీళ్లు బంద్, వాకిట్లో ఆట బంద్. అయినా తగ్గకపోయేసరికి, జంపఖానాల ఇంటివాళ్లం గనుక మాకు తెలిసిన వైద్యం చేశాం. దుకాణం వెనక గోదాం గదిలో కొత్త సరుకు కప్పు దాకా పేర్చి ఉంటుంది. చలిగాలి చొరదు. ఆ గది కిటికీ మూసేసి, కొత్త జంపఖానాలు ఒకదాని మీద ఒకటి పరిచి, ఆ మెత్తటి గద్దె మీద పిల్లను పడుకోబెట్టాం. మా నాన్న టైఫాయిడ్ వచ్చినప్పుడు అలాగే పడుకుని లేచాడు. మా అమ్మ బాలింతగా అక్కడే ఉంది. మా ఇంట్లో రోగికి ఇచ్చే మర్యాద అది. పిల్లకు దగ్గు ఎక్కువైన కొద్దీ ఇంకో జంపఖానా పరిచాం.

నాలుగో రోజో ఐదో రోజో పొద్దున, మెట్టు మీది అవ్వ చేతిలో పని పక్కన పెట్టి, ఎవరినీ అడగకుండా సరాసరి గోదాంలోకి వచ్చింది. ఆమె లోపలికి రావడం అదే మొదటిసారి. పిల్లను లేపి కూర్చోబెట్టి, వీపుకు చెవి ఆనించింది.

"సేటూ, బిడ్డ ఛాతిల పిల్లికూతలు నీకు ఇనవడ్తలేవా?"

"సర్ది అవ్వా. తగ్గుతది."

"పత్తి మిల్లుల పనికి వోయి నేను దమ్ము తెచ్చుకున్నప్పుడు మా అత్త గూడ సర్దే అన్నది" అని, వెళ్లి కిటికీ తలుపు తోసింది. ఎండ నిలువుగా పడింది. ఆ ఎండలో పిల్ల పడుకున్న జంపఖానాను అరచేత్తో ఒక్కటి చరిచింది. నూగు పొగలా లేచి, గిరగిరా తిరిగి, నెమ్మదిగా మళ్లీ పిల్ల దిండు మీదకే దిగింది.

"ఇగ సూడు. దూది మీద దూది ఏసి పండవెట్టినవ్. పోరి గాలి పీలుత్తాందా, నూగు పీలుత్తాందా?"

మూడు తరాలుగా ఆ నూగులో బతుకుతున్నాం, అది మా కంటికి కనబడడం మానేసి చాలా ఏళ్లయింది. ప్రేమతోనే చేశాం, అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ మధ్యాహ్నమే హన్మకొండలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కూడా ఉబ్బసమే అన్నాడు. రెండు పంపులు రాశాడు. ఒకటి బాగున్నా బాగాలేకున్నా రోజూ, ఒకటి ఆయాసం వచ్చినప్పుడు. పిల్ల కాబట్టి పంపుకు తగిలించే ఒక గొట్టం ఇచ్చాడు. గోదాం గదిలోకి రానివ్వొద్దన్నాడు, అరటిపండు పెట్టొచ్చన్నాడు. అంతా సవ్యంగా చెప్పి, చివర్లో, "ఇది ఇట్టే నయమైపోయేది కాదు, అదుపులో పెట్టుకునేది" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పంపు అంటే మా చుట్టాల్లో ఆఖరి మందు. ఆడపిల్లకు పంపు అంటే ఇక చెప్పక్కర్లేదు.

మర్నాడు అవ్వతో ఆ మాటే అన్నాను, నయం కాదట అని. అవ్వ ముడి ఆపలేదు.

"పోయే రోగం గాదు సేటూ, ఉండే సుట్టం. సుట్టానికి పీట ఏసి కూసోవెట్టాలె, ఏలకింత బువ్వ వెట్టాలె. సూసీ సూడనట్టు జేసినవనుకో, అలిగి ఇల్లంత ఆగం జేత్తది."

పిల్లకు మాత్రం రోగం మాటే ఎత్తలేదు, ఆట నేర్పింది. బడి నుంచి వచ్చాక గాలి వచ్చే వైపు, మెట్టుకు దూరంగా కూర్చోబెట్టేది. "నువ్వు దారం ముట్టద్దు, ఉత్త లెక్కవెట్టు" అనేది. ముడేసిన కుచ్చులను ఒక చివర నుంచి ఒక్క ఊపిరిలో, పైకి వినబడేలా లెక్కపెట్టాలి. మధ్యలో గాలి పీల్చుకుంటే ఓడినట్టు. అవ్వ కూడా లెక్కపెట్టేది, ఎప్పుడూ పిల్ల చేతిలో ఓడిపోయేది. నేను ఉత్త ఆటే అనుకున్నాను. డాక్టర్లు కూడా ఊపిరి పట్టు చూడడానికి అలా లెక్కపెట్టిస్తారని చాలా రోజుల తర్వాత తెలిసింది. అవ్వకు అది ఎవరు చెప్పారో, తానే కనిపెట్టుకుందో అడగలేదు.

మూడు నెలల్లో అమ్మాయి లేడిపిల్లలా తయారైంది. దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. అప్పుడు నేను చేసిన తెలివైన పని ఏమిటంటే, రోజూ వాడే పంపు మాన్పించడం. తగ్గింది కదా, ఇంకా మందెందుకు అనుకున్నాను. ఆయాసం పంపు మాత్రం ఉంచాను, అదీ ఎవరి కంటా పడకుండా. పిల్లకు కూడా చెప్పాను, అందరి ముందు తియ్యకమ్మా అని. ఏడేళ్ల పిల్ల, ఎందుకని అడగకుండా తల ఊపింది.

వానాకాలం దాటుతుండగా ఒకరోజు అవ్వ నన్ను పిలిచింది.

"పోరి లెక్క తగ్గుతాంది. మొన్న ముప్పై దాటిచ్చేది, ఇయ్యాల పద్దెనిమిదికే గాలి గుంజుకున్నది. రోజు పంపు గుంజుతాందా?"

"గుంజుతాంది అవ్వా" అన్నాను. వ్యాపారంలో చిన్నాచితకా అబద్ధాలు ఆడినవాణ్ణే గానీ, అంత సులువుగా ఇంకెప్పుడూ ఆడలేదు.

ఆ దసరాకు దుకాణంలో పూజ పెట్టుకున్నాం. మేనత్తలు, బావలు, బావల పిల్లలు, నేసేవాళ్లు, అందరూ వచ్చారు. చుట్టాల కళ్లలో పడుతుందని పొద్దున్నే పంపునూ గొట్టాన్నీ గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాను. పూజ అయ్యే వేళకు సాంబ్రాణి పొగ దుకాణమంతా కమ్ముకుంది. హారతి పాట మధ్యలో అమ్మాయి నా లాల్చీ పట్టుకుని లాగింది. చూస్తే భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. నోరు తెరిచి ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, నా వైపు చూసి, ఊరుకుంది. పెదాల రంగు మారుతోంది. అంత ఊపిరాడనప్పుడు కూడా నా బిడ్డ నా మాట నిలబెడుతోంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మెట్టు మీంచి అవ్వ ఒక్క అరుపు అరిచింది. ఆమె అరవగా విన్నది ఆ ఒక్కసారే.

"పోరిని బయటికి తీస్కరా! పంపేది?"

పిల్లను ఎత్తుకుని బయట మెట్టు మీద కూర్చోబెట్టాను. గల్లా తాళం తియ్యబోతే బీగంచెవి రెండుసార్లు కింద పడింది. నా భార్య లాక్కుని తెరిచింది. అవ్వ పిల్లను ముందుకు వంచి కూర్చోబెట్టి, మోకాళ్ల మీద చేతులు పెట్టించి, గొట్టం నోటికి అందించింది. "నిమ్మళంగ బిడ్డా. ఒక్కటి కొట్టిన, ఐదారు మాట్ల పీల్చు. ఆఁ. ఇగ ఇంకోటి." ఈలోగా మా బావమరిది ఆటో తెచ్చి నిలబెట్టాడు. దుకాణమంతా ఖాళీ అయి, మా చుట్టాలందరూ రోడ్డు మీద గుంపుగా నిలబడ్డారు. పళ్లెంలో కర్పూరం దానంతటదే ఆరిపోయింది.

అప్పుడు చేసింది అవ్వ ఒక పని. వక్కాకు సంచిలోంచి తన నీలం పంపు తీసింది. ఆ పొగకు ఆమెకూ ఆయాసం ఎత్తుకుందని మాకెవరికీ తోచనే లేదు.

"దా బిడ్డా. నీ పంపు నువ్వు, నా పంపు నేను. సిగ్గేంది?"

దసరా పూట, బజారు నడుమ, మా మేనత్తల ముందు, ఆ ముసలామె, మా ఏడేళ్ల పిల్ల పక్కపక్కన కూర్చుని పంపులు గుంజారు. ఇద్దరూ చాయ్ తాగుతున్నంత మామూలుగా గుంజారు. మా పెద్ద మేనత్త ఉండబట్టలేక, "గా పంపు అలవాటైతే ఇగ ఇడువదంటరు గదా" అంది.

అవ్వ ఊపిరి కూడదీసుకుని ఆమె మొహంలోకి చూసింది. "నీ కండ్లద్దాలు నువ్వు ఇడిసినవా అక్కా?"

మేనత్త అద్దాలు సర్దుకుంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వులో మా అమ్మాయి నవ్వు కూడా వినబడింది, దగ్గు కలవని నవ్వు. నేనూ వాళ్ల పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. ఆ తర్వాత దవాఖానకు వెళ్లాం, సాయంత్రానికల్లా వచ్చేశాం. రోజు పంపు ఎందుకు మానేశారని డాక్టరు నాకు పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. పడాల్సినవే పడ్డాను.

అవ్వ చీవాట్లు పెట్టలేదు. మర్నాడు పొద్దున పని చేసుకుంటూ, "సేటూ, నీకు బీపీ గోలి రాసిండ్రు గదా, ఏసుకుంటానవా?" అంది.

నేను ఆ గోలీ మానేసి నాలుగు నెలలైంది. "మంచిగనే ఉన్న గదా అవ్వా" అన్నాను.

"పోరి గూడ మంచిగనే ఉండె" అని, ముడి మీద బొటనవేలితో నొక్కింది. ఆ రోజు మధ్యాహ్నమే మందుల దుకాణానికి పోయాను. ఇప్పటికీ రోజూ గోలీ వేసుకునేటప్పుడు ఆ బొటనవేలు గుర్తొస్తుంది.

అమ్మాయి పెద్దదైంది. గొట్టం పోయి ఉత్త పంపు మిగిలింది. పంపు పెట్టుకోవడానికి అవ్వ మిగులు దారాలతో ఒక చిన్న సంచి అల్లి, చుట్టూ కుచ్చులు వేసి ఇచ్చింది. ఇచ్చే ముందు రెండుసార్లు ఉతికి ఆరేసింది, నూగు ఉండొద్దని. దాన్ని స్కూలు బ్యాగుకు బయట వైపు, అందరికీ కనబడేలా తగిలించుకుని తిరిగింది మా పిల్ల. తమ కూతుళ్లకూ పంపు రాశారని బజారులో ఇద్దరు ముగ్గురు నాతో చాటుగా చెప్పుకున్నారు. నేను వాళ్లను మెట్టు మీది అవ్వ దగ్గరికి పంపాను.

చూపు ఆనక అవ్వ పని మానేసి రెండేళ్లయింది. అమ్మాయి హన్మకొండలో డిగ్రీ చదువుతోంది. అప్పుడప్పుడు స్కూటీ మీద ఖిలా వరంగల్ పోయి చూసి వచ్చేది. ఏం మాట్లాడుకుంటారే అని అడిగితే, "కుచ్చులు లెక్కపెడతాం డాడీ" అనేది.

చావు కబురు అందిన సాయంత్రం ఆమె కాలేజీ నుంచి వచ్చే దాకా ఆగాను. హాల్లో పరిచిన జంపఖానా మీద బ్యాగు పడేసి కూర్చుంది. అవ్వ కుచ్చులు వేసిన ఆఖరి జంపఖానా అది. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కళ్లు పెద్దవి చేసి నన్నే చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"దమ్ముతోనా డాడీ?"

నేను దాచుకున్న భయమే అన్నేళ్లుగా ఆమె కూడా దాచుకుంది. నేను భయపడతానని ఆమె, ఆమె భయపడుతుందని నేను. అవ్వ కొడుకు చెప్పిన జవాబు ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పాను.

"లేదు సేటూ. దగ్గు లేదు, ఎగపోత లేదు. పొద్దుగాల లేసింది, పంపు గుంజింది, నోరు పుక్కిలిచ్చింది. చాయ్ తాగి, గోడకు ఒరిగి ఎండకు కూసున్నది. మా పోరి బువ్వకు పిలువవోతే లెవ్వలే. ఎనబై దాటింది గదా సేటూ, నిమ్మళంగ వోయింది."

అమ్మాయి భుజాలు కిందికి దిగాయి. అప్పుడు ఏడ్చింది, హాయిగా, చాలాసేపు. అలవాటు కొద్దీ నేను ఆ ఏడుపులో పిల్లికూతల కోసం చెవి పెట్టాను. లేవు.

ఏడ్చాక ముక్కు తుడుచుకుని, జంపఖానా కొస ఒళ్లోకి లాక్కుంది. ఒక్కసారి నిండా గాలి పీల్చి, కుచ్చు కుచ్చు మీదా వేలు పెడుతూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేనూ ఆమెతో పాటు లోలోపల లెక్కపెట్టాను. ఇరవై నాలుగు దగ్గర నా ఊపిరి అయిపోయింది. ఆమె ఇంకా లెక్కపెడుతూనే ఉంది.